మనసొప్పని చోటికి పోని బండి

పొద్దున్నే రుద్రమ్మ తన పాత తెల్ల మారుతి కారును తడిగుడ్డతో తుడుస్తుంది. అద్దం మీద పావురం రెట్ట కనిపిస్తే పావురాన్ని నాలుగు తిట్లు తిట్టి, బండి నెత్తిన 'రుద్రమ్మ డ్రైవింగ్ స్కూల్, ఆడవాళ్లకు మాత్రమే' అన్న రేకు బోర్డు బిగిస్తుంది. కంప్యూటర్ కోర్సుల బోర్డులతో గోడ కనపడని అమీర్‌పేటలో ఆ ఒక్క బోర్డు తిరుగుతూ ఉంటుంది. హాస్టల్ అమ్మాయిలూ, యాభై దాటాక పంతం పట్టినవాళ్లూ ఆమె దగ్గర నేర్చుకుంటారు.

"గ్రౌండుల గుండ్రంగ తిరుగుడు గానుగెద్దు పని. నీకు ఏడికి పోవాల్నో ఆడికే నడుపు," అంటుంది. అందుకే ఆమె దగ్గర పాఠమంటే కూరగాయలకు ఎర్రగడ్డ పోయి రావడం, ఆఫీసుకు పంజగుట్ట పోయి రావడం.

బండికి ఒక అలవాటుంది. స్టీరింగ్ పట్టిన మనిషి మనసొప్పని చోటికి బయల్దేరితే, దారిలో ఎక్కడో ఒకచోట దానంతట అదే బ్రేకు వేసుకుని నిలబడుతుంది. వెనక్కి తిప్పితే కదులుతుంది, లేకపోతే లేదు. ఈ సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. పంజగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు నర్సింహులు వెనకవాళ్లను పక్కనుంచి పొమ్మని చెయ్యి ఊపుతాడు. ఆటోవాళ్లు తిడతారు కానీ ఆగినందుకు కాదు, ఇంకాస్త పక్కకు ఆగనందుకు.

ఆ అలవాటు వల్ల, నేర్చుకునేవాళ్లలో అందరికంటే బాగుపడింది మంజూష. ఆమె కాపురం మధురానగర్‌లో, ఉద్యోగం పంజగుట్టలో ఒక కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్ష చేయడం. భర్త రఘురామ్ మంచివాడే, కాకపోతే అన్నగారికి ఎదురు చెప్పే ధైర్యం ఆయన ఒంట్లో ఏ మూలా లేదు. ఆ అన్నగారు అచ్యుతరావు ఉండేది బల్కంపేటలో. మరదలు ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉండాలని ఆయన తీర్మానం. ఆమె నోట 'సరే' అనిపించడానికి వారం వారం పిలిపిస్తాడు. మంజూష బండెక్కుతుంది, బండి దారిలో ఆగుతుంది. "తలనొప్పిగా ఉంది బావగారూ, మళ్లీ వస్తాను," అని ఫోన్ చేసి వెనక్కి తిప్పుతుంది. ఎండాకాలం నుంచి దసరా దాకా ఆ తలనొప్పే ఆమె ఉద్యోగాన్ని కాపాడుకుంటూ వచ్చింది.

దసరా నాడు రుద్రమ్మ అత్త భూలక్ష్మి ఇంట్లో ఇనుప వస్తువనేదాన్ని వదలదు. కుట్టుమిషనుకు బొట్టు, కత్తిపీటకు బొట్టు, తిరిగే చోటల్లా ఒక నూనె చుక్క. ఈసారి బండి బానెట్ కూడా ఎత్తింది. బ్రేకు ఆయిల్ డబ్బాలో కాస్త వెలితి కనిపించింది. దేవుడి దీపంలో పోసే నువ్వుల నూనె సీసా చేతిలోనే ఉంది. దీపాన్ని నిలబెట్టే నూనె బండిని నిలబెట్టదా అనుకుని నిండా పోసి, దండం పెట్టి, ఎవరికీ చెప్పకుండా మూత బిగించింది.

కొన్నాళ్లకు మంజూష బల్కంపేటకు బయల్దేరింది. ఎప్పుడూ ఆగే చోట బండి ఆగలేదు. తరువాతి సందులోనూ ఆగలేదు. అచ్యుతరావు గేటు కనిపించేసరికి మంజూష పెడల్ తొక్కితే అది నేలకు దిగిపోయింది. రుద్రమ్మ, నేర్పేవాళ్ల కోసం తన వైపు పెట్టించుకున్న రెండో బ్రేకు పెడల్‌ను రెండు కాళ్లతో తొక్కినా లాభం లేకపోయింది. హ్యాండ్ బ్రేకు లాగేలోపు బండి వెళ్లి గేటుకు గుద్దుకుంది. అచ్యుతరావు బయటికొచ్చి గేటు సొట్టనూ మరదలినీ మార్చి మార్చి చూశాడు. ఆ సిగ్గులో ఆయన ఏమడిగినా మంజూష సరే అంది. ఉద్యోగం సంగతికీ సరే అంది.

కబురు తెలిసి రుద్రమ్మ కొడుకు అనుదీప్ ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు.

"స్క్రాప్‌కు ఇచ్చేద్దామమ్మా. మాట్లాడిన. ఆదివారం వచ్చి తీస్కపోతరు."

"ఎవర్నడిగి మాట్లాడినవ్?"

"గేటు గాబట్టి సరిపోయింది. గదే లారీ అయితే? నాయిన పోయిండు. నువ్వు సుత పోతే నేనెవరికి చెప్పుకోవాలె?"

ఆ మాట రుద్రమ్మకు తగిలింది. అయినా మెత్తబడలేదు.

"బ్రేకు చెడితే బ్రేకు బాగుజేయాలె. పన్ను నొస్తున్నదని తలకాయ తీపిచ్చుకుంటరా?"

బండి చూసిన షెడ్డువాళ్లందరూ పాత బండి, ఇడిచిపెట్టమన్నారు. ఆ మాట విన్న చోట ఆమె ఇంకో నిమిషం నిలబడలేదు. భర్త ఐలయ్య బస్ డిపోలో మెకానిక్‌గా ఉన్నన్నాళ్లూ, ఇంటి ముందు చేసే పనులకు పానాలు అందించింది ఆమే. కొత్త రబ్బర్లు వెతికి తెచ్చుకుంది. శనివారం భోజనాలయ్యాక సందులోనే జాకీ ఎత్తి చక్రాలు విప్పింది. బ్రేకుల్లోని రబ్బర్లు నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. ముక్కుకు నువ్వుల నూనె వాసన తగిలింది.

"అత్తమ్మా, గిండ్ల నూనె పోసినవా?"

"పోసిన. దేవునికి పోసేదే పోసిన, డాల్డా పోయలే," అంది భూలక్ష్మి గడ్డం ఎత్తి.

రుద్రమ్మకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. "అయితే జర వచ్చి గూసో. పెడల్ నువ్వే తొక్కాలె."

పైపులు కడిగి, రబ్బర్లు మార్చి, అసలైన బ్రేకు ఆయిల్ పోసింది. ఇక పైపుల్లోని గాలి తీయాలి, గాలి మిగిలితే బ్రేకు పట్టదు. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర మర వదులు చేసి బిగించాలి. అత్తాకోడళ్ల కేకలకు సందంతా గుమ్మాల్లోకి వచ్చింది.

"తొక్కు!"

"తొక్కిన!"

"ఇడువు!"

"ఇడిచిన! మోకాలు పోయినా సరే, ఇంకోసారి అను!"

చివరికి పెడల్ రాయిలా గట్టిపడింది. అనుదీప్ మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"రేపు వాళ్లొచ్చేలోపు ఒక్క రౌండు పోదాం. నువ్వెనక కూసో. బ్రేకు పట్టకపోతే తాళాలు నా చేత్తోనే ఇస్త," అంది రుద్రమ్మ.

ఆదివారం పొద్దున మంజూష వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"ఇవాళ షాపుకెళ్లి మానేస్తున్నానని చెప్పి రావాలండీ రుద్రమ్మగారూ. మాటిచ్చేశాను కదా."

"నువ్వే నడుపు," అని రుద్రమ్మ పక్కన కూర్చుంది.

అమీర్‌పేట సిగ్నల్ దగ్గర మంజూష తొక్కగానే బండి ఆగింది. అడ్డమొచ్చిన స్కూటర్ ముందు ఆగింది. వెనక సీట్లో అనుదీప్ పట్టుకున్న పిడిని కాస్త వదిలాడు. రుద్రమ్మకు మాత్రం లోపల ఏదో తొలుస్తోంది. బండి తొక్కిన చోటల్లా ఆగుతోంది, తొక్కని చోట ఆగడం లేదు. పంజగుట్ట చౌరస్తా వచ్చింది, దూరంగా కళ్లద్దాల షాపు బోర్డు కనిపించింది, మంజూష కళ్లు తుడుచుకుంటూనే నడుపుతోంది. పైపులు కడగడంలో దాని గుణం కూడా కడిగేశానా అని రుద్రమ్మకు ఏడుపొచ్చింది. ఇంత కష్టపడి ఉత్త కారును మిగుల్చుకున్నాను అనుకుంది.

అప్పుడు బండి ఆగింది.

రుద్రమ్మ రెండు కాళ్లూ ఎత్తి సీటు మీదికి ముడుచుకుంది. అనుదీప్ ముందుకు వంగి చూశాడు. మంజూష పాదం యాక్సిలరేటర్ మీద ఉంది. ఇంజను గోల పెడుతోంది, చక్రాలు మాత్రం అంగుళం కదలడం లేదు. నర్సింహులు అలవాటుగా చెయ్యి ఊపాడు. వెనకవాళ్లు పక్కనుంచి పోయారు.

అనుదీప్ ఫోన్ తీశాడు.

"అన్నా, బండి కోసం రాకుండ్రి. ఇస్తలేం. బ్రేకులు మస్తు పడ్తున్నయ్."

మంజూష కూడా ఫోన్ తీసింది. మళ్లీ తలనొప్పే అనుకుంది రుద్రమ్మ.

"బావగారూ, నేను మంజూషనండి. లేదండీ, తలనొప్పేం లేదు. ఏ వారమూ లేదు. నేను ఉద్యోగం మానను. ఆ రోజు మీ గేటుకు గుద్దినందుకు సారీ చెప్పాల్సింది. పొరపాటున సరే అన్నాను."

అవతలి మాట పూర్తిగా వినకుండానే ఫోన్ పెట్టేసి టైం చూసుకుంది. షాపు తెరిచే వేళైంది. ఇలా ఆగినప్పుడు ఎప్పుడూ వెనక్కి తిప్పే మంజూష ఈసారి స్టీరింగ్ తిప్పలేదు. గేరు వేసి, ఎదురుగా కనిపిస్తున్న ఆ షాపు వైపే చూసింది.

బండి బ్రేకు వదిలి ముందుకు పోయింది.