వంకర అంచు

తిరుగుతున్న సానచక్రానికి, బూటు లోపల వేసే ఇన్‌సోల్ మెత్త అంచు ఆనించి అత్త ఊపిరి బిగబట్టింది. రబ్బరు పొడి లేచి ఆమె కనుబొమల మీద, ముంజేతుల మీద వాలింది. రవ్వంత ఎక్కువైతే బూటు ఊరుకోదు, రవ్వంత తక్కువైతే పాదం ఊరుకోదు అనేది ఆమె మాట.

ముప్పై ఒక్క ఏళ్ళుగా, జబ్బు పాదాలకు కొలిచి మెత్తలు చేసే ఆ వర్క్‌షాపులో ఆమె అందరికీ అత్తే. ఒకప్పుడు పాదానికి ప్లాస్టర్ చుట్టి, అచ్చు పోసి, రెండు రోజులు చెక్కితే ఒక జత తయారయ్యేది. తరువాత పాదాన్ని కొలిచే స్కానర్ వచ్చింది, కంప్యూటర్ వచ్చింది, నలభై నిమిషాల్లో జత చెక్కిపెట్టే మిషన్ వచ్చింది. అత్త పని గోవిందా అనుకున్నారంతా. మిషన్ అన్నీ చేసింది గానీ అంచులు నున్నగా తీయలేకపోయింది. ఆ పని ఆమెకు మిగిలింది. ఈ రోజుతో అదీ ఆఖరు. మోకాళ్ళు ఇక చాలన్నాయి. "దండలూ ఉపన్యాసాలూ పెట్టారంటే ముందురోజే మానేస్తా" అని యజమానిని ఎప్పుడో బెదిరించి ఉంచింది.

పదకొండింటికి బస్సు కండక్టరమ్మ వచ్చింది. షుగరు మనిషి. కుడి బొటనవేలి మొదట్లో పుండు లేచి అయిదు నెలలైంది. రెండు జతలు మార్చినా మానలేదు.

"నెలలో మానకపోతే వేలు తీసేస్తారట" అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు నవ్వుతూ. చేతులు మాత్రం సంచి పట్టీని మెలిపెడుతున్నాయి.

డిజైన్ చేసే అమ్మాయి తెర చూసి తల పట్టుకుంది. "లెక్క సరిగ్గానే ఉందత్తా. బరువు పడేచోటే మెత్తలో గుంట పెట్టాను."

అత్త నేలమీద చతికిలబడి ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. కట్టు చుట్టూ చేతి వెనకవైపుతో తడిమి, లోపలి అంచు దగ్గర ఆగింది.

"ఇక్కడ వేడిగా ఉంది."

"నాకేం తెలీట్లేదమ్మా. ఆ పాదం మొద్దుబారి రెండేళ్ళయింది."

"పోనీ, బస్సులో ఎలా నిలబడతావో అలా నిలబడు."

"ఇక్కడా? మరి టికెట్ తీసుకుంటారా?" అంటూ కండక్టరమ్మ స్కానర్ పలక ఎక్కింది. కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము ఒక పక్కకు వాల్చింది. ఊగే బస్సు పంతొమ్మిదేళ్ళు నేర్పిన నిలుపు అది. తెరమీద బరువు పడేచోటు చూపే ఎర్రమచ్చ జరిగి, సరిగ్గా అత్త చెయ్యి ఆగినచోటికి వచ్చింది.

"అయ్యో! ఇన్నాళ్ళూ ఫొటోకి నిలబెట్టినట్టు నిలబెట్టి కొలిచాను" అంది అమ్మాయి.

గుంటను బొటనవేలంత పక్కకు జరిపింది. మిషన్ చెక్కింది, అత్త అంచులు తీసింది. కొత్త జత వేసుకుని కండక్టరమ్మ నాలుగడుగులు నడిచింది.

"తేడా నా కాలికి తెలీదు గానీ, నీ మొహం చూస్తే తెలుస్తోంది" అంది అత్తతో.

అయిదింటికి అత్త చేతులు కడుక్కుంటుంటే, అమ్మాయి ఒక జత కొత్త చెప్పులు తెచ్చి ఆమె ముందు పెట్టింది. లోపల తాజాగా చెక్కిన మెత్తలు.

"నా కొలతలు ఎప్పుడు తీశావే?"

"పోయిన వారం, స్కానర్ బాగుందో లేదో చూద్దాం ఎక్కమన్నాను కదా."

"ఓసి దొంగా!"

అత్త వేలు అలవాటుగా అంచు వెంట నడిచి, మడమ దగ్గర ఆగిపోయింది. అక్కడ వంకర. అమ్మాయి మొహం చిన్నబోయింది.

"సాన నేనే పట్టానత్తా. ఇటివ్వండి, సరిచేస్తాను."

"ఉండనీ. నా మొదటిది ఇంతకంటే వంకర."

తొడుక్కుని నిలబడింది. ఇన్నేళ్ళలో ఇంకొకరు తనకోసం చేసిన మెత్త మీద ఆమె నిలబడటం ఇదే మొదలు. రెండడుగులు వేసి చూసింది. "నేల కాస్త మెత్తబడ్డట్టుందే" అని, ఎప్పటిలాగే సంచి భుజాన వేసుకుని, ఎప్పటి బస్సుకే వెళ్ళిపోయింది.

నెల తిరిగేసరికి కండక్టరమ్మ పుండు మూసుకుంది. వేలు దక్కింది. ఆ కబురు అమ్మాయి ఫోనులో చెప్పింది. అత్త విని, "బల్ల కింద నా పాత చెప్పులుంటాయి, ఇక వాటితో పనిలేదు, పారేయవే" అంది.

"అలాగే అత్తా" అంది అమ్మాయి గానీ, వాటిని బయటికి తీసి లోపల చూశాక పారేయలేదు. వేల పాదాలకు కొలిచి మెత్తలు చేసిన మనిషి తన ఎడమ చెప్పులో పనికిరాని రబ్బరు ముక్కలు అంటించుకుంది, మూడు రంగులవి, ఒకదానిమీద ఒకటి; వాటి నడుమ ఆమె మడమ దిగినచోట గుంట ఇంకా నున్నగా ఉంది.