మూడు బిల్లుల పుండు

మల్కాజ్‌గిరిలో కరెంటు మీటర్లను చదవడానికి పెట్టరు, దాచడానికి పెడతారు. ఒకరిది స్కూటరు వెనక, ఒకరిది మెట్ల కింద కుక్క పడుకునే చోట. అన్నిటికన్నా ఘోరం పడమటి గోడ మీద మీటర్లు. మే నెల మధ్యాహ్నం వాటి అద్దంలో అంకెలు కనిపించవు. చదివేవాడి మొహం కనిపిస్తుంది.

ఆ మొహం ఆర్థర్‌ది. రోజూ బోయిగూడ నుంచి బస్సులో వచ్చి, భుజాన సంచీ, చేతిలో బిల్లు కొట్టే మిషను, నెత్తిన క్రికెట్ టోపీతో గేట్లు తడతాడు. వెదురుబద్దలాంటి మనిషి. మండుటెండలో కూడా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. పెద్దవాళ్ళు గేటు తీస్తే టోపీ తీసి నమస్కారం పెట్టడం ఆయనకు సండేస్కూల్లో పట్టుకున్న జబ్బు.

అసలు జబ్బు వేరే. మూడేళ్ల కిందట ఆయన కిడ్నీలు రెండూ రాజీనామా చేస్తే, భార్య కాంతమణి తనదొకటి ఇచ్చింది. అప్పటిదాకా ఆయన ఒంట్లో కాంతమణికి ఎదురు తిరిగే అవయవమే లేదు. ఇప్పుడు రోగాలతో పోట్లాడే శక్తి ఆమె కిడ్నీని పరాయిదనుకుని మీద పడుతుందట. ఆ శక్తిని జోకొట్టడానికి పొద్దునా రాత్రీ మాత్రలు.

"కాపలావాణ్ణి మనమే నిద్రపుచ్చుతున్నాం. ఎండ చర్మాన్ని పాడుచేస్తే పట్టుకునేవాడుండడు. మానని పుండు కనిపిస్తే పరిగెత్తుకురా," అన్నాడు డాక్టరు.

ఆర్థర్ వెంటనే టోపీ కొన్నాడు. ఆ టోపీ కిందికి చెవులు రావన్న సంగతి ఆయనకూ తట్టలేదు, అమ్మినవాడికీ తట్టలేదు.

కాలనీకి తెలిసింది ఒక్కటే, ఆర్థర్‌కి ఇమ్యూనిటీ తక్కువని. తక్కువైతే పెంచాలిగా! కిరాణా తుకారాం తిప్పతీగ కషాయం సీసా చేతిలో పెట్టేవాడు. "తాగు భాయ్, పులి లెక్క అయితవ్." ఎదురింటివాళ్ళు ఉసిరి లేహ్యం ఇచ్చేవాళ్ళు. ఇవేవీ ముట్టొద్దని డాక్టరు చెప్పాడు. కాదనడం ఆర్థర్‌కి చేతకాదు. అందుకని ఈ ఇంటి కషాయం ఆ ఇంటికీ, ఆ ఇంటి లేహ్యం పై ఇంటికీ కానుకగా చేరవేసేవాడు. ఏడాదిలో వీధి మొత్తానికీ ఇమ్యూనిటీ పెరిగింది, ఆర్థర్‌కి తప్ప. డాక్టరు కోరిందీ అదే.

ఒక రోజు అదే వీధిలో ఉండే పెద్దావిడ విమలమ్మ గేటు తీసింది. ఆర్థర్ టోపీ తీశాడు.

"ఏందయ్యా ఆర్థర్, గా చెవికేమైంది?"

"కళ్ళజోడు ఒరుసుకుందమ్మా."

"కళ్ళజోడు చెవెన్క ఉంటది. ఇది పైన అంచుకున్నది. పోయిన బిల్లప్పుడు సుత ఉండె, ఆ ముంగటి బిల్లప్పుడు సుత ఉండె. మూడు బిల్లుల సంది సూస్తున్న."

"మనలాంటి నల్లోళ్ళకి ఎండేం చేస్తుందమ్మా? అవన్నీ తెల్లోళ్ళ జబ్బులు."

"ఎండకు రంగు తెలుస్తదా? నీ ఇంటామెకు ఫోన్ కొట్టు. నా ముంగటనే కొట్టు."

ఆర్థర్ నవ్వబోయి ఆగాడు. కాంతమణి ఆ చెవిని రోజూ చూస్తుంది. అందుకే ఆమెకు అది ఎప్పుడూ నిన్న గీరుకున్నట్టే ఉంటుంది. నెలకొకసారి చూసే మనిషికే అది మానలేదని తెలిసింది. అది చెడ్డదైతే మాత్రలు తగ్గిస్తారు. తగ్గిస్తే కాపలావాడు లేస్తాడు. లేచీ లేవగానే పట్టుకునేది కాంతమణి ఇచ్చినదాన్నే.

ఆయన నంబరు కలిపి నీళ్ళు నములుతుంటే విమలమ్మ ఫోన్ లాక్కుంది.

"అమ్మా, నీ కిడ్నీ ఎండల తిరుగుతున్నది. జెర ఒచ్చి తీస్కపో."

"అక్కడే నిలబెట్టండి వదినగారూ, వస్తున్నా!"

కాంతమణి ఆటో దిగి, చెవి చూసి, "నీడపట్టున పెంచుకున్న కిడ్నీ అండీ నాది! ఎండలో తిప్పమనా మీకిచ్చింది?" అని వీధి మొత్తానికీ వినబడేలా అంది. ఆ తర్వాత ఆసుపత్రిదాకా ఆటోలో పమిట చెంగు ఆయన చెవికి అడ్డం పట్టుకునే కూర్చుంది. చెయ్యి నొప్పెడుతున్నా దించలేదు.

అది చర్మం కాన్సరే. చిన్నది, తొందరగా దొరికింది. చెవి అంచున చిటికెడు ముక్క కోసేశారు, ఒక మాత్ర మార్చారు. కాంతమణి కిడ్నీ కదల్లేదు, మెదల్లేదు.

"ఇన్నాళ్ళూ ఈయన నా మాట సగమే వినేవారు డాక్టరుగారూ, చెవి కోశాక ఇహ పావేనా?" అంది కాంతమణి.

"వినేది లోపలుంటుందమ్మా."

"లోపల బాగానే ఉందా? మరైతే వినబడనట్టు నటనన్నమాట."

ఆఫీసువాళ్ళు ఆర్థర్‌ని తిరుమలగిరిలో ఫ్యాను కింద కౌంటర్లో కూర్చోబెట్టారు. మీటరు మనిషికి వీడ్కోలు సభలుండవు. పై నెల లూకా అనే కొత్తాయన వచ్చాడు, అంతే.

కానీ అప్పటికే విమలమ్మ ఆర్థర్ కోసం కొత్త పేము కుర్చీ ఒకటి కొని, మీటరు పక్కన జామచెట్టు నీడలో వేసింది. ఆయన ఇక రాడని ఇప్పుడు ఆమెకు తెలుసు. వారం వారం కాంతమణితో ఫోన్లో వదినల ముచ్చట్లు నడుస్తూనే ఉన్నాయి. అయినా భర్త సదాశివ టీవీ ముందు వేసుకుంటానంటే ఇవ్వదు.

"ఆయనొస్తె యాడ కూసుంటడు?"

లూకా కూర్చోడు, తనది కాదంటాడు. వానలు షురూ కాబోతున్నాయి, పేము నానితే పాడవుతుంది. చదివే అయ్యలారా, అమ్మలారా, ఏం చెయ్యాలో జెర మీరైనా చెప్పండి, దండం పెడతాం. నీడ జరిగినప్పుడల్లా విమలమ్మ బయటికొచ్చి, ఎవరూ కూర్చోని ఆ కుర్చీని కూడా కొంచెం జరిపి పోతోంది.