నిన్నటి అద్దం

టైర్ల దుకాణం పైన మేడగదిలో ఒక ఫొటో స్టూడియో ఉంది. రేపు ఫొటో దిగేవాళ్ళు ఇవాళే వచ్చి తల దువ్వుకుని వెళ్ళాలని దాని తలుపు మీద రాసి ఉంటుంది. లోపలున్న నిలువుటద్దం సరిగ్గా ఒక రోజు ఆలస్యం మరి. ఇవాళ దాని ముందు నిలబడ్డవాళ్ళు రేపు ఇదే వేళకి అందులో కనిపిస్తారు. అలవాటున్నవాళ్ళు ముందురోజు వచ్చి, దువ్వుకుని, చొక్కా సర్దుకుని వెళ్ళిపోతారు. కుదిరిందో లేదో మర్నాడొచ్చి చూసుకుంటారు. అర్జంటుగా పాస్‌పోర్టు ఫొటో కావాలని పరిగెత్తుకొచ్చేవాళ్ళు మాత్రం ఎవరిదో మొహం చూస్తూ అంచనా మీద పాపిడి తీసుకోవాల్సిందే. అద్దం మార్చొచ్చు కదా అని ఎవరూ అడగలేదు. బల్లకి ఒక కాలు పొట్టిగా ఉంటే కింద అట్టముక్క పెట్టుకుంటాం, ఇదీ అంతే.

ఆ స్టూడియో నడిపేది నలభై అయిదేళ్ళ ఆవిడ. చిన్నాపెద్దా అందరూ స్టూడియో అక్క అనే పిలుస్తారు. బుధవారం మధ్యాహ్నం ఆవిడ దగ్గరికి నిచ్చెన వచ్చాడు. ఆరడుగుల రెండంగుళాల పొడవు మూలంగా బళ్ళోనే ఆ పేరు స్థిరపడిపోయింది. చక్కటి ముక్కు, వెడల్పాటి భుజాలు, ఇరవై మూడేళ్ళ వయసు. వాడికి మోడల్ కావాలని ఉంది. శనివారంలోగా ఆరు ఫొటోలు పంపమని ఒక మోడలింగ్ ఏజెన్సీ చెప్పింది. ఒకటో తారీఖులోగా అక్కణ్ణుంచి పిలుపు రాకపోతే తండ్రి పనిచేసే లిఫ్టుల కంపెనీలో చేరతానని ఇంట్లో మాటిచ్చాడు. ఆ తండ్రి ఇరవై ఎనిమిదేళ్ళుగా లిఫ్టు మెకానిక్.

అక్క కిటికీ పక్కన తెల్లగుడ్డ కట్టింది. రెండో చెంప మీద నీడ చిక్కగా పడకుండా ఒక థర్మోకోల్ అట్ట నిలబెట్టింది. నిలువెత్తు ఫొటో ఒకటి, నవ్వుతూ ఒకటి, నవ్వకుండా ఒకటి, పక్కనుంచి ఒకటి, కోటుతో రెండు. అవీ ఏజెన్సీ అడిగినవి.

"గడ్డం ముందుకి. ఇప్పుడు కొంచెం కిందికి. ఊపిరి వదిలెయ్."

"వదిలాను అక్కా."

"వదల్లేదు. పొట్ట లోపలే ఉంది."

గంటన్నరలో రెండు వందల ఫొటోలు తీసింది. ఫోన్లో చూసి నేర్చుకున్న భంగిమలన్నీ వాడు పెట్టాడు. జేబులో చెయ్యి, దవడ బిగింపు, దూరంగా ఎవరో అప్పిచ్చినవాణ్ణి గుర్తుపట్టినట్టు ఓ చూపు. అన్నింట్లోనూ కర్ర మింగినవాడిలాగే ఉన్నాడు. మనిషి బావున్నాడు, ఫొటో బాలేదు. ఆ మాట అక్క వాడితో అనేసింది కూడా.

"నిన్ను నువ్వు చూసుకుంటూ నిలబడుతున్నావురా. రేపు సాయంత్రం ఇంకోసారి రా. కోటు ఇక్కడే ఉంచి వెళ్ళు, నలుగుతుంది."

వాడు మెట్లు దిగి వెళ్ళిన రెండు గంటలకి, ఆరింటికి, వాడి తండ్రి ఎక్కి వచ్చాడు. మనిషి ఇంకా పొడుగు. చేతులకి గ్రీజు వాసన వస్తుందని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వాడికి అది వచ్చే పని కాదని నువ్వు ఒక్కమాట చెప్పమ్మా. నేను చెబితే పెరటి చెట్టు వైద్యం, వినడు. నువ్వంటే వింటాడు."

"రేపొక్కరోజు చూద్దాం అన్నయ్యా. అప్పటికీ కాకపోతే నేనే చెబుతాను," అంది అక్క.

ఇంతలో ఆవిడ స్కూటరు అడ్డం తియ్యమని కిందినుంచి టైర్ల దుకాణం వాళ్ళు కేకేశారు. ఆవిడ వెళ్ళి, స్కూటరు జరిపి, రెండు మాటలు మాట్లాడి పైకి వచ్చేసరికి ఆయన వెళ్ళిపోవడానికి చెప్పులేసుకుంటున్నాడు.

మర్నాడు నిచ్చెన అయిదున్నరకి వచ్చాడు. అరగంట గడిచినా ఊపిరి దిగలేదు. అక్కకి తల ప్రాణం తోకకొచ్చింది. వాణ్ణి అద్దం పక్కన స్టూలు మీద కూచోబెట్టి, కెమెరాలో బ్యాటరీ మారుస్తోంది. ఆరు దాటింది. అద్దంలోకి నిన్నటి సాయంత్రం వచ్చింది.

అందులో వాడి తండ్రి ఉన్నాడు. ఒక్కడే. హ్యాంగరు మీది కోటు తీశాడు, చేతులు ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకున్నాడు, తొడుక్కున్నాడు. అద్దంకేసి తిరిగాడు. నిన్న ఆ వేళ అద్దంలో మొన్నటి ఖాళీ గది తప్ప ఏమీ ఉండి ఉండదు. తాను కనిపించని అద్దం ముందు ఆయన అలాగే నిలబడ్డాడు, బరువంతా ఒక కాలి మీద వేసి, తల కొంచెం పక్కకి వంచి, పైనుంచి దిగుతున్న లిఫ్టు చప్పుడు వింటున్నట్టు. కోటు భుజాల దగ్గర కొలిచి కుట్టినట్టుంది.

నిచ్చెన తండ్రినే చూస్తున్నాడు. నాన్నని ఇంత తీరిగ్గా చూడటం వాడికిదే మొదలు. పొట్ట ఎప్పుడు వదిలేశాడో వాడికే తెలీదు. అక్క బ్యాటరీ మూత వేసి, ఒక్క ఫొటో తీసింది. ముందు పక్కకి తిరిగిన కొడుకు, వెనక అద్దంలో ఎదురుగా తండ్రి.

"పక్కనుంచి తియ్యాల్సింది వచ్చేసింది," అంది, తెరమీద చూపిస్తూ. "మొత్తం మీద ఇదొక్కటే ఫొటో."

"నాన్న ఉన్న భాగం కత్తిరించెయ్ అక్కా."

"కత్తిరిస్తే నువ్వు దేన్ని చూస్తున్నావో ఎవరికి తెలుస్తుంది? పంపేది నువ్వు, నీ ఇష్టం."

వాడు మిగతా అయిదింటితో కలిపి దాన్ని కత్తిరించకుండానే పంపాడు.

సోమవారం ఏజెన్సీ నుంచి ఫోను వచ్చింది. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"ఆ పక్క ఫొటో మా అందరికీ నచ్చిందండీ. అద్దంలో ఉన్నాయన ఎవరు? యాభై దాటినవాళ్ళ బట్టల ప్రకటనకి ఒకరికోసం ఎప్పట్నించో వెతుకుతున్నాం. ఆయన వివరాలు పంపుతారా?"

"మరి నావి?"

"మీవి మా దగ్గరున్నాయి కదండీ."

నిచ్చెనకి ఏడుపొచ్చింది. తండ్రి మీద కోపమూ వచ్చింది, అందులో ఆయన తప్పేమీ లేదని తెలిసే వచ్చింది. ఆ వివరాలు పంపలేదు. సాయంత్రం తండ్రి పనినుంచి వచ్చి, పెరట్లో చేతులు రుద్దుకుంటూ "ఫోనొచ్చిందా?" అని అడిగితే "రాలేదు" అన్నాడు. మంగళవారమూ అదే ప్రశ్న, అదే జవాబు.

బుధవారం తండ్రి వెంటనే అడగలేదు. సబ్బు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, గోడకేసి చూస్తూ అన్నాడు.

"ఒకటో తారీఖంటే మరీ దగ్గరపడింది. పోనీ ఇంకో రెండు నెలలు చూద్దాంలే. కంపెనీలో నేను చెప్పుకుంటాను."

నిచ్చెనకి అబద్ధం మూడోరోజు బయటికి రాలేదు.

"ఫోనొచ్చింది నాన్నా. సోమవారమే వచ్చింది. నీకు."

విషయం చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. తండ్రి అంతా విని, అసలు సంగతి వదిలేసి, ఇంకోటి అడిగాడు.

"అయితే చూశావా నన్ను?"

"చూశాను."

"కోటు తొడుక్కోవడం కూడా?"

"అదీ చూశాను. నీకు బాగా కుదిరింది నాన్నా. నాకే కుదర్లేదు."

ఆయన తువ్వాలుతో అప్పటికే పొడిగా ఉన్న చేతుల్ని మళ్ళీ తుడుచుకున్నాడు. "రెండురోజులు దాచావన్నమాట," అన్నాడు. తిట్టలేదు. "నేనైతే అసలు చెప్పేవాణ్ణి కాదురా."

ఒకటో తారీఖు పొద్దున్నే తండ్రీకొడుకులు కలిసి బయల్దేరారు. కొడుకు మాటిచ్చినట్టే లిఫ్టుల కంపెనీ ఇచ్చిన నీలం చొక్కాలో, తండ్రి ఏజెన్సీ పిలుపు మీద ఆ కోటులో. బస్‌స్టాపులో నలుగురు కోటుకేసి చూశారు. తండ్రి అది గమనించి బిగుసుకుపోయాడు. పొట్ట లోపలికి లాగాడు.

"ఒరేయ్, అక్కడ నన్ను ఎలా నిలబడమంటారు?"

"ఎలా అన్నా నువ్వు వినకు నాన్నా. లిఫ్టు ఇంకా రాలేదనుకో."

"వచ్చాక?"

తండ్రి కోటు వెనక చిన్న దూది పోగు అంటుకుని ఉంటే నిచ్చెన చేత్తో తీసేశాడు. తండ్రి ఎక్కాల్సిన బస్సు ముందొచ్చింది.