రెండు పెట్టెల మధ్య చోటు

"నువ్వు వంటింట్లో ఉంటావుగా, నీకెందుకే ఇవన్నీ?" అన్నాడు త్రినాథరావు, నవ్వుతూనే. కోపంగా అని ఉంటే భార్య వీరలక్ష్మి అంతగా గుర్తుపెట్టుకునేది కాదేమో.

ఆ రోజు ఆదివారం. ఆయన కొత్తగా కొన్న రికార్డు ప్లేయరుకి స్పీకర్లు కావాలి. సికింద్రాబాదు కొట్టువాడు రెండు జతలు ఇంటికే పంపి, విని చూసి ఒకటి ఉంచుకోమన్నాడు. తీర్పు చెప్పడానికి ఫ్యాక్టరీ మిత్రులు వచ్చి హాల్లో కూర్చున్నారు. ఒక జత పెద్దది, పాలిషు పెట్టి నిగనిగలాడుతోంది. రెండోది చిన్నది, చూపుకి ఆనదు. వీరలక్ష్మి పకోడీలు వేయిస్తూ గోడ అవతల నుంచి రెండూ వింది. పెద్దవాటిలో తబలా దెబ్బకి వంటింట్లో గిన్నెలు కదిలాయి గాని, పాడే ఆవిడ మాట ఒక్కటీ తెలియలేదు. చిన్నవాటిలో ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. పళ్లెం తెచ్చి బల్ల మీద పెడుతూ, "చిన్నవే బాగున్నాయండీ" అంది. అప్పుడన్న మాట అది. వెంటనే కామేశ్వరరావు, "చెల్లెమ్మకి కుక్కరు కూతే సంగీతం లెండి" అన్నాడు. అందరూ నవ్వారు. చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆమె కూడా నవ్వింది. వాళ్ల నవ్వు కంటే తన నవ్వే ఆమెను ఎక్కువ రోజులు బాధపెట్టింది.

పెద్ద జతే ఉండిపోయింది.

పటాన్‌చెరు దారిలో కంపెనీ ఇచ్చిన క్వార్టరు అది. హాలు రైలుపెట్టెలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. సిమెంటు నేల, బోసి గోడలు, మూడు గుమ్మాలు. చప్పట్లు కొడితే తిరిగి మనకే వినిపిస్తాయి. స్పీకర్లు మూలల్లో పెడితే పాట బావిలోంచి వచ్చినట్టుంది. కిటికీ కింద పెడితే అద్దాలు జుమ్మన్నాయి. బీరువా పక్కన పెడితే బీరువాయే పాడింది. మార్చినప్పుడల్లా "లక్ష్మీ, ఆ కొస పట్టుకో" అనేవాడు. ఆమె కొస పట్టేది, స్పీకరు పెట్టె వెనక ఊడ్చేది, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. ఎలా ఉందని ఎవరూ ఆమెను అడగలేదు. చివరికి వాటిని మళ్లీ మూలల్లోకే చేర్చి, పేము కుర్చీ ఒకచోట వేస్తే ఆయనకి కాస్త నయమనిపించింది. అది ఆయన చోటయింది. ఆదివారాలు అక్కడ కూర్చుని కళ్లు మూసుకునేవాడు. ఆమె కాఫీలు తిప్పేది. పాటలన్నీ ఆమెకు వరసలుగానే తెలుసు, మాటలు తెలియవు.

అయినా ఇన్నేళ్లూ ఆమె భర్త పట్ల కృతజ్ఞతగానే ఉంది. తాగడు, చెయ్యి చేసుకోడు. "నీకేం తక్కువే" అని పుట్టింటివాళ్లూ అనేవారు. నిజమే అనుకునేది. లేని చెడ్డలకి దండం పెట్టుకోవడమే తప్ప, చేతికి అందిన మంచి ఇదీ అని చూపించమంటే ఏం చూపించాలో ఆమెకు తోచేది కాదు.

వానాకాలం వచ్చింది. బయట బొంతలు ఆరే దారి లేదు. త్రినాథరావు డ్యూటీకి వెళ్లాక ఆమె హాల్లో వెనక గోడ పొడుగునా తాడు కట్టి బొంతలు వేసింది. అడ్డంగా ఉన్న స్పీకర్లను మూలల్లోంచి జరిపి, గోడకి ఎడంగా రెండు స్టూళ్ల మీద పెట్టింది. పని చేస్తూ వింటే ఏం పోయిందని రికార్డు వేసింది. లక్డారం నుంచి పెరుగు తెచ్చే దేవమ్మ వాన తగ్గేదాకా గుమ్మంలో కూర్చుంది.

"అమ్మా, ఇయ్యాల గీమె మాట సాఫ్‌గ ఇనొస్తుంది. మొన్నటిదాంక కుండల మూతిపెట్టి మాట్లాడినట్టుండె" అంది దేవమ్మ.

వీరలక్ష్మి చెయ్యి ఆగింది. అవును, మాటలు తెలుస్తున్నాయి. పక్క గోడ దగ్గర ఇంకా మోత ఉంది. అక్కడ దుప్పటి పట్టుకుని చూసింది.

"జెర గిట్ల జరుపు. ఆఁ, ఇగ మంచిగుంది" అంటూ దేవమ్మ రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ నవ్వుకుంటూ కుర్చీని అటూ ఇటూ లాగారు. దేవమ్మ వెళ్లాక వీరలక్ష్మి అందులో కూర్చుంది. రెండు పెట్టెలూ మాయమై, పాడే ఆవిడ ఎదురుగా నిలబడి తనకోసమే పాడుతున్నట్టుంది.

లోపలి గదిలోంచి అత్తగారు బుల్లెమ్మ వచ్చి నిలబడింది. కాపురానికి వచ్చిన కొత్తలో "ఆడదానికి కూర్చునే తీరికెక్కడిది" అన్న మనిషి. వీరలక్ష్మి గభాలున లేచింది.

"కూర్చో అమ్మాయ్. పాట అవనీ" అంది బుల్లెమ్మ. తనూ పీట లాక్కుంది. కాసేపటికి అంది: "మా ఊళ్లో హరికథలన్నీ నేను దొడ్డివైపు నుంచే విన్నాను. కథ చివరికొచ్చేసరికి విస్తళ్లు వెయ్యాలని పిలిచేవారు. ఒక్క కథకీ చివర ఎరగను."

ఆదివారం మిత్రులు వచ్చే వేళకి త్రినాథరావు బొంతలు చూసి, "ఏంటే ఈ గుడ్డల కొట్టు! తీసెయ్" అన్నాడు.

"ఉండనీరా. ముందు విను" అంది తల్లి.

విన్నాడు. బొంతల సంగతి వదిలేసి తన కుర్చీలో కూర్చున్నాడు. ఈలోగా మిగతా మిత్రులతో వచ్చిన కామేశ్వరరావు చెవి ఒగ్గి, "స్పీకర్లు మార్చావేమిటోయ్?" అన్నాడు.

"కొంచెం సర్దాను" అన్నాడు త్రినాథరావు.

"నువ్వెక్కడ సర్దావురా?" అంది బుల్లెమ్మ అందరి ముందూ. "సర్దింది కోడలు. లేచి ఆ కుర్చీ దానికియ్యి. కాఫీ నువ్వే కలుపు."

త్రినాథరావు లేచాడు. వీరలక్ష్మి వెళ్లి కూర్చుంది. అంతమంది మగవాళ్ల మధ్య ఒళ్లు కుంచించుకుపోయింది. లేచిపోదామనిపించింది. లేవలేదు. కళ్లలో నీళ్లు తిరిగితే తుడుచుకోలేదు. త్రినాథరావు కలిపిన కాఫీ పాకంలా తియ్యగా ఉన్నా అందరూ కిక్కురుమనకుండా తాగారు.

ఆ ఇంట్లో ఒకరికొకరు మేలు చేశావని చెప్పుకునే అలవాటు లేదు. ఎలా చెప్పాలో తెలియక ఆమె నాలుగు రోజులు ఆలోచించింది. తర్వాతి శనివారం, "సికింద్రాబాదు వెళ్తున్నాం, అన్నం వార్చి పెట్టాను" అని భర్తతో చెప్పి అత్తగారిని బస్సెక్కించింది. రికార్డుల కొట్లో, "మీకేం కావాలి అత్తయ్యా? మీరే చెప్పండి" అంది.

ఆ మాట బుల్లెమ్మను అంతవరకూ ఎవరూ అడిగినట్టు లేరు. చాలాసేపు అట్టల మీది బొమ్మలు చూస్తూ నిలబడింది. తర్వాత కొట్టువాడి వైపు తిరిగింది.

"ముందు రెండు కుర్చీలు వేయించు నాయనా. అన్నీ విని చెబుతాం."