అత్తగారి గుండీల డబ్బా

దర్జీకి పెళ్ళయ్యాక ఇదే మొదటి విహారం. ఎక్కడికంటే, సముద్రం ఒడ్డున ఉన్న క్యాసినోల ఊరికి. రిసార్టులో గది, ఈతకొలను, కడుపు పట్టినంత తిండి అన్న ప్రకటన చూసినప్పటి నుంచి కాళ్ళు కుట్టుమిషను తొక్కుతున్నాయే గాని ప్రాణమంతా అక్కడే ఉంది.

పక్కన కాజాలు కుడుతున్న పెళ్ళాం తలెత్తకుండానే తేల్చేసింది.

"నేను 'చాలు' అనగానే ఆటలోంచి లేచొస్తానంటేనే ప్రయాణం. లేకపోతే తిరుగు టిక్కెట్టు కూడా పందెం కాసేస్తారు మీరు."

"ఓస్, అదెంత పని!"

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందిక్కడ లేచి చూపించండి."

అలా బట్టలు కత్తిరించే బల్ల కాస్తా జూదపు బల్ల అయింది. పందేనికి గుండీలు. ఎదురాటకు అత్తగారు. పేక ముట్టుకుంటే పాపమని గోడవైపు తిరిగి కూర్చునే మనిషి, "మూడు ముక్కలేగా, పిల్ల సరదా కోసం ఆడతాన్లే" అంటూ మొహమాటంగా ఇటు తిరిగింది. తిరిగింది తిరిగినట్టే ఉండిపోయింది.

పెళ్ళాం "చాలు" అనేది. దర్జీ "ఈ ఒక్క ఆటా!" అనేవాడు. చొక్కా గుండీలు పోయాయి, లాగు గుండీలు పోయాయి. అత్తగారి డబ్బా గలగలలాడింది. కొట్లో కాయడానికి ఇంకేమీ మిగలనప్పుడు, కొక్కేనికి వేలాడుతున్న, ఓ పెళ్ళికొడుకు కుట్టడానికిచ్చిన కోటు కంటబడింది. నిగనిగలాడే ఇత్తడి గుండీలు. 'గెలిచి మళ్ళీ కుట్టేస్తాగా' అనుకుని కత్తెర అందుకున్నాడు. అవీ డబ్బాలోకే పోయాయి.

మర్నాడు పెళ్ళికొడుకు వచ్చి కోటు తొడుక్కున్నాడు. అది రెండు తలుపుల్లా బార్లా తెరుచుకుంది.

"గుండీలేవయ్యా?"

"మా అత్తగారు గెలుచుకున్నారు బాబూ."

అత్తగారు డబ్బాను ఒళ్ళోకి లాక్కుంది. "ఆడి గెలిచినవి. కావాలంటే ఆడి పట్టుకుపొమ్మను."

పాపం, పెళ్ళికొడుకు కూర్చున్నాడు. ఒక గుండీ గెలిచాడు. ఆ ఊపులో ఒంటిమీది చొక్కా గుండీలన్నీ పోగొట్టుకున్నాడు. "ఈ ఒక్క ఆటా!" అంటూ లాగు గుండీ మీద చెయ్యి వేశాడు.

దర్జీ పెళ్ళాం వైపు వంగాడు. "నేనూ ఇలాగే ఉంటానా?"

"మీకు బొజ్జ కూడా కనబడుతుంది."

దర్జీ ముక్కలు అందుకున్నాడు. చూస్తే మూడూ రాజులే! సరిగ్గా అప్పుడే పెళ్ళాం అంది: "చాలు."

ముక్కలు బోర్లించి లేచాడు. లేవలేక లేవలేక, అయినా లేచాడు. పెళ్ళాం ఆ ముక్కలు తిరగేసి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పెట్టె సర్దండి, వెళ్దాం!"

"మరి నా కోటు?" అన్నాడు పెళ్ళికొడుకు, లాగు పట్టుకుని.

అత్తగారు డబ్బా మూత మీద అరచెయ్యి వేసింది. "నాకూ టిక్కెట్టు తీస్తే ఎవరి గుండీలు వాళ్ళకిచ్చేస్తా."

తీయక చస్తారా!

బస్సులో కిటికీ పక్క సీటు అత్తగారిదే. ఒళ్ళో డబ్బా మళ్ళీ గలగలమంది.

"అదెందుకు అత్తయ్యా?"

"కొట్లో గుండీలు మీరు అడగలేదుగా అల్లుడుగారూ. అక్కడ ఇవి తీసుకోరంటారా?"

"చాలమ్మా!" అంది కూతురు.

"ఈ ఒక్క ఊరేలే!"