వరహాలు మైకులో చెప్పిన మాట

నేను ఒక మైకు గొట్టాన్ని. ఆటో నెత్తినెక్కి ఊరూరా తిరిగి, జరగబోయేవి ముందుగా చెప్పడం నా పని. జరిగిపోయినవాటితో నాకు సంబంధం లేదు. పెళ్ళయ్యాక వియ్యాలవారి అలకలు, నాటకం అయ్యాక నటుల తగాదాలు నా దాకా రావు. "రేపు సాయంత్రం", "ఎల్లుండి పొద్దున్న", "వచ్చే ఆదివారం" – నేను బతికిందంతా ఈ మూడు మాటల మధ్యే.

నన్ను చేసిన కార్ఖానా పేరు నాకు గుర్తు లేదు. గిరగిర తిరిగే దిమ్మకు అల్యూమినియం రేకును అదిమి, ఉమ్మెత్తపువ్వులాగా నా నోరు విప్పారు. అక్కణ్ణించి ఒక టూరింగు టాకీసుకు వచ్చాను. ఆ తరువాత ఎన్నికలకు అద్దెకు వెళ్ళాను. పొద్దున్న ఒక పార్టీకి, సాయంత్రం ఇంకో పార్టీకి తిరిగి, ఇద్దరిదీ గెలుపు ఖాయమన్నాను. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. మనుషులు తమకు కావలసింది చెప్పిన నోటిని తొందరగా క్షమిస్తారు.

టాకీసు మూతపడ్డాక నన్ను తౌడు కొన్నాడు. నాగావళి ఒడ్డున ఉన్న మా చిన్న పట్నంలో "మైకు తౌడు" అంటే తెలియనివాళ్ళు లేరు. మంచి గొంతు. హరికథ అయినా, కబడ్డీ పోటీ అయినా, పోలియో చుక్కలైనా ఒకే ఊపులో చెప్పేవాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఆ గొంతు ఆగిపోయింది. నెల మాసికం కాగానే ఎవరో వచ్చి, నన్నూ ఆటోనూ అమ్మేస్తారా అని అతని భార్య వరహాలుని అడిగారు.

"అమ్మను. నానే తిరుగుతాను" అంది వరహాలు.

"ఆడమనిషివి, ఈదుల్లో మైకట్టుకుని అరుస్తావేటి?"

"అరవను. సెప్తాను."

నిజంగానే ఆమె అరవలేదు. ఆటో నేర్చుకుని, తనే నడుపుకుంటూ, వీధి మొగలో ఆపి, అరుగు మీద కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేది. మొదటిసారి ఆమె చెప్పింది కంటి వైద్య శిబిరం గురించి. "మెట్టవీధి అమ్మమ్మలూ, సూదిలో దారం ఎక్కటం లేదని మొన్న కుళాయి కాడ అనుకున్నారు గదా. ఆదివారం పొద్దున్న హైస్కూలుకి డాక్టర్లు వస్తన్నారు. అన్నం తినే రండి, లైను పెద్దదుంటాది" అంది. ఆ ఆదివారం హైస్కూలు ముసలమ్మలతో నిండిపోయింది. అంతవరకూ నా నోట్లోంచి ఎన్నో గొంతులు వెళ్ళాయి గానీ, విన్నవాళ్ళు వాకిట్లోకి వచ్చి "ఏ పూటన్నావమ్మా?" అని ఎదురు అడగడం నేను చూసింది అప్పుడే.

ఆమెకు ఒక్కటే భయం. ఒకసారి పై ఊరి నాటక సమాజం వస్తుందని చాటింది. వాళ్ళు రాలేదు. జనం పిల్లల్ని చంకనేసుకుని చీకటిపడేదాకా చూసి, పిలిచిన కమిటీని వదిలేసి వరహాలు ఇంటి మీదికి వచ్చారు. "నువ్వు సెప్పావనే కదా వచ్చాం" అన్నారు. ఆ మాట ఆమెకు లోపల గుచ్చుకుంది. అప్పటినుంచీ ఏదైనా చాటమని ఎవరొచ్చినా, అది జరుగుతుందని రూఢి చేసుకున్నాకే నన్ను ఆటోకి కట్టేది.

అలాంటి మనిషి ఒకసారి నా చేత లేనిది చెప్పించింది. ఆ సంగతే చెప్పాలని ఇంతసేపూ చూస్తున్నాను.

మా పట్నం గ్రంథాలయం వాళ్ళు ఏటా చలికాలంలో కళల పండుగ చేస్తారు. హరికథ, తోలుబొమ్మలాట, పిల్లల కోలాటం, పాత ఫొటోల ప్రదర్శన. దానికి పెద్దదిక్కు జగన్నాథం మేస్టారు. డ్రాయింగు మేస్టరుగా చేసి రిటైరైనాయన. ఆ ఏడు చివరి రోజు సాయంత్రం తప్పెటగుళ్ళు పెట్టాలని ఆయన కోరిక. గుండెలకు రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో, పాడుతూ ఎగురుతూ తప్పెట వాయించే ఆట అది. చూస్తుంటే కూర్చున్నవాళ్ళ కాళ్ళు కూడా ఊరుకోవు.

ఆ ఆటకు మా వైపు ఇద్దరే ఇద్దరు గురువులు. గెడ్డపాలెంలో ఎర్రన్న, బొడ్డవలసలో సింహాలు. ఎర్రన్న భార్య పోలమ్మకు సింహాలు సొంత తమ్ముడు. ఒకప్పుడు బావాబావమరుదులది ఒకటే దళం. ఏదో పెద్ద పట్నంలో ఆడినప్పుడు సభవాళ్ళు ముందువరసలో ఉన్న ఎర్రన్నకు ఒక్కడికే శాలువా కప్పారు. ఎర్రన్న దాన్ని తీసి బావమరిదికి కూడా కప్పి ఉంటే కథ అక్కడితో పోయేది. ఆయన కప్పుకునే బస్సెక్కాడు. సింహాలు వేరే బస్సెక్కాడు. అప్పటినుంచీ దళాలు రెండయ్యాయి. ఒకడు ఆడే చోటికి రెండోవాడు రాడు. మధ్యలో పోలమ్మకు పుట్టిల్లు దూరమైంది, రెండు ఊళ్ళకీ అడ్డం ఉన్నది గెడ్డ అనే చిన్న వాగు ఒక్కటే అయినా.

మేస్టారు ఇద్దరి దగ్గరికీ వెళ్ళొచ్చారు. "ఆడొస్తాడేటి? అయితే నాను రాను" అని ఇద్దరూ ఒకే మాట అన్నారట. ఒకర్ని పిలిచి ఒకర్ని వదిలేయడం ఇష్టం లేక మేస్టారు తప్పెటగుళ్ళు మానేసి, ఆ సాయంత్రానికి క్విజ్ పెట్టారు.

ఆ సంగతి తెలిసి పోలమ్మ వరహాలు ఇంటికి వచ్చింది. నేను అప్పుడు గోడ వారగా ఉన్నాను. ముసలామె గుమ్మంలో కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"క్విజ్జంటే ఏటమ్మా?"

"ప్రశ్నలడుగుతారు పిన్నీ. సెప్పినోళ్ళకి బహుమతి."

"నానూ ఒకటడుగుతాను. బహుమతి నా కాడ లేదు." పోలమ్మ తన మోకాలు తడుముకుంది. "నాకు మెట్లెక్కితే కాళ్ళు పీకుతున్నాయి. ఆళ్ళిద్దరూ నాకన్నా కుర్రోళ్ళేం కాదు. ఇంకెన్నాళ్ళు ఎగురుతారు? ఆళ్ళిద్దర్నీ ఒక్క వరసలో నాను మళ్ళీ సూసేది ఎప్పుడు?"

పోలమ్మ లేచి, కొంగు సర్దుకుని, "నువ్వు సెప్తే జనం వస్తారు గదాని వచ్చాను. ఆళ్ళూ జనమే గదా" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పండుగ చాటడానికి బయలుదేరాం. పట్నంలో అంతా కమిటీ చెప్పినట్టే చెప్పింది. గెడ్డపాలెంలో రచ్చబండ దగ్గర ఆటో ఆపి, హరికథ చెప్పింది, తోలుబొమ్మలాట చెప్పింది, కొంచెం ఆగింది. మైకులో ఆమె ఊపిరి నాకు వినిపిస్తూనే ఉంది.

"ఆఖరి రోజు సాయంత్రం తప్పెటగుళ్ళు. బొడ్డవలస సింహాలు గారి దళం. మన వైపు ఇప్పుడు ముందువరసలో నిలబడే గురువు ఆయనొక్కరే కాబట్టి, అందరూ తప్పకుండా వచ్చి చూడాలి."

రచ్చబండ మీద కూర్చున్న ఎర్రన్న చేతిలోని చుట్ట నోటి దాకా వెళ్ళలేదు. అక్కడినుంచి ఆటో గెడ్డ దాటి బొడ్డవలస వెళ్ళింది. అక్కడ అదే మాట, పేరు మాత్రం ఎర్రన్నది.

తిరిగి వచ్చేసరికి జగన్నాథం మేస్టారు గ్రంథాలయం ముందు నిలబడి ఉన్నారు. కబురు మాకన్నా ముందే వచ్చింది.

"తప్పెటగుళ్ళని చాటమని నీకు ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు మేస్టారూ."

"వాళ్ళు రాకపోతే ఏం చేస్తావు? ఆ నాటకం వాళ్ళ సంగతి మర్చిపోయావా?"

"మర్చిపోలేదు" అంది వరహాలు. "రాకపోతే ఇక మైకు పట్టుకోను. మీరు ఇంకొకర్ని చూసుకోండి."

మేస్టారు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. "క్విజ్ పొద్దున్నకి మారుస్తాను" అన్నారు చివరికి.

పండుగ రోజులు గడుస్తున్న కొద్దీ వరహాలు తిండి తగ్గించేసింది. హరికథకు జనం విరగబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. తోలుబొమ్మలాటలో బొమ్మ తల ఊడి పడి ఊరంతా గోల చేసినా, ఆమె చూపు రోడ్డు మీదే ఉంది. చివరి రోజు సాయంత్రం నన్ను హైస్కూలు మైదానంలో ఒక వెదురు గెడకు ఎత్తున కట్టారు. అక్కణ్ణించి నాకు రెండు గేట్లూ కనిపిస్తాయి. జనం చాపలు, గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నారు. మధ్యలో ఖాళీ వలయం. అది ఎవరికోసమో ఎవరూ పైకి అడగలేదు.

ముందు గజ్జెల చప్పుడు తూర్పు గేటు వైపు నుంచి వినిపించింది. ఎర్రన్న దళం. తలపాగాలు, రంగు నిక్కర్లు, గుండెల మీద తప్పెటలు. సింహాలు ఒక్కడే గురువని తన ఊరి నడిమధ్యన చాటితే ఆయన ఇంట్లో ఎలా కూర్చుంటాడు? వాళ్ళు వలయంలోకి అడుగుపెడుతుండగా పడమటి గేటు నుంచి మళ్ళీ గజ్జెలు. సింహాలు కూడా అలాంటి మాట విని కూర్చునే మనిషి కాదు. రెండు దళాలూ ఎదురెదురుగా ఆగిపోయాయి.

ఎర్రన్న తిన్నగా వరహాలు దగ్గరికి వచ్చాడు. మైకు ఆమె చేతిలో ఉంది. దాన్ని ఆపేయడం ఆమెకు తట్టలేదు. అందుకని వాళ్ళ మాటలన్నీ నా నోటిగుండా మైదానమంతా పరుచుకున్నాయి.

"సింహాలొక్కడే అన్నావు గదమ్మా?"

"మీ ఊళ్ళో అలాగ సెప్పాను బాబూ."

"మా ఊళ్ళో ఈయనొక్కడే అన్నావు" అన్నాడు అవతలినుంచి సింహాలు.

"మీ ఊళ్ళో ఇలాగ సెప్పాను."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పాకింది. ఎర్రన్న మొహం ఎర్రబడింది. ఆయన తన దళం వైపు తిరిగి "పదండ్రా" అన్నాడు. సింహాలు అప్పటికే గేటు వైపు తిరిగాడు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి పోలమ్మ లేచింది.

"ఎల్లండి. ఇద్దరూ ఎల్లండి. ఇంతమంది వచ్చి కూసున్నారు, నాను పాడతాను" అంది.

తప్పెటగుళ్ళలో ఆడవాళ్ళు పాడరు. కానీ ఒకడు మొగుడు, ఒకడు తమ్ముడు అయినాక, ఆ పాటలన్నీ ఆమె ఇంట్లోనే వాళ్ళు సాధన చేసినవి. పొయ్యి దగ్గర, పశువుల శాలలో విని విని, ఒక్క చరణం మర్చిపోలేదు. ఆమె దేవుణ్ణి తలుచుకునే మొదటి పాట ఎత్తుకుంది. సన్నటి గొంతు, మొదటి వరసలు కూడా దాటడం లేదు. వరహాలు మైకు పట్టుకుని పరుగెత్తింది. తీగ చాలలేదు. పోలమ్మ పాట ఆపకుండా నాలుగడుగులు ముందుకు వచ్చింది.

నా నోట్లోంచి అప్పటిదాకా ఎన్ని గొంతులు వెళ్ళాయో. గెలుస్తామన్నవాళ్ళవి, అమ్ముతామన్నవాళ్ళవి, వస్తామని రానివాళ్ళవి. ఆ ముసలి గొంతు పోతున్నప్పుడు మాత్రం నా రేకంతా జలదరించింది. శ్రుతి కుదరలేదు. ఒకచోట ఊపిరి చాలక పోలమ్మ ఆగిపోయింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, పెదాలు కదిలిస్తూ నిలబడింది గానీ మాట రాలేదు.

ఆగిన చోటునుంచి రెండు గొంతులు ఒకేసారి అందుకున్నాయి. ఒకటి తూర్పు నుంచి, ఒకటి పడమట నుంచి. ఎర్రన్న వెనక్కి తిరిగి చూసేసరికి సింహాలు చేతులు తప్పెట మీద పడ్డాయి. ఆ తరువాత దళాలు రెండని ఎవరికీ అనిపించలేదు. వలయం తిరిగింది, విప్పుకుంది, మూసుకుంది. దుమ్ము లేచింది. వరహాలు ఎప్పుడో మైకు ఆపేసి కింద కూర్చుండిపోయింది. తప్పెటలకు నాతో పని లేదు. నేను గెడ మీద ఊరికే ఉండి చూశాను. జరుగుతున్నదాన్ని నేను మొదటినుంచీ చివరిదాకా చూడటం అదే మొదలు.

ఆట అయ్యాక ఇద్దరూ రొప్పుతూ ఒకే గోనెపట్టా మీద కూలబడ్డారు.

"కాలు ఇంకా తాళానికి ముందే ఏసేస్తన్నావు బావా" అన్నాడు సింహాలు, ఎటో చూస్తూ.

"నాను సరిగ్గానే ఏసాను. నువ్వే ఎనకబడ్డావు."

"ఎనకబడ్డానా? మీ ఆవిణ్ణే అడుగు."

"నీ అక్కే గదా, నువ్వడుగు."

పోలమ్మ ఇద్దరికీ మజ్జిగ గ్లాసులు చేతికిచ్చి, "ఇద్దరూ తప్పే ఏసారు" అంది. ఆ రాత్రి ఆమె వరహాలు ఆటోలో, తమ్ముడు పక్కన కూర్చోగా, బొడ్డవలసలోని పుట్టింటికి వెళ్ళింది. ఎర్రన్న సైకిలు మీద వెనకాలే వెళ్ళాడు.

ఇప్పుడు వరహాలు ఆటో మీద నల్లటి కొత్త స్పీకరు పెట్టె ఉంది. గొంతు ముందే ఫోనులో ఎక్కించుకుని వేస్తుంది. నన్ను జగన్నాథం మేస్టారు అడిగి తీసుకెళ్ళి, గ్రంథాలయంలో పాత ఫొటోల పక్కన ఒక బల్ల మీద పెట్టారు. యంత్రం ఊడదీసేశారు కాబట్టి నా వెనక చిన్న కంత మాత్రం మిగిలింది. ఇక్కడ ఆదివారాలు సందడిగా ఉంటుంది. పోలమ్మ కుర్చీలో కూర్చుని ఆడపిల్లలకు తప్పెటగుళ్ళ పాటలు నేర్పుతుంది. ఎర్రన్నకు మోకాలు పట్టేసింది, ఎగరడం మానేశాడు. ఆయన తాళం వేస్తాడు, సింహాలు అడుగులు చూపిస్తాడు. అడుగు ఎవరిది తప్పో ఇంకా తేలలేదు.

మొన్న ఆదివారం ఒక పిల్ల పాట మధ్యలో నా దగ్గరికి వచ్చింది. వెనక కంతకు నోరు ఆనించి, తనకొచ్చిన ఒక్క చరణం పాడింది. తీగ లేదు, కరెంటు లేదు. అయినా ఆ పాట నాలోంచి వచ్చేటప్పటికి కాస్త పెద్దదయ్యే వచ్చింది. గదిలో అందరూ ఇటు తిరిగారు.