స్వర్గీయుల పార్కు

మా ఆయన రామబ్రహ్మం గారు ఎరువుల కొట్టు మేనల్లుడికి అప్పగించి ఇంట్లో కూర్చున్న మర్నాడే మా ఊరికి కష్టాలు మొదలయ్యాయి. పనిలేని మనిషి కంటికి ప్రతిదీ బాగుచెయ్యాల్సిందిగానే కనపడుతుంది కదా. ముందు నా వంటిల్లు బాగుచేస్తానని వచ్చారు. గరిటె చూపించాను. ఇక ఇక్కడ లాభం లేదని వెళ్ళి కృష్ణ ఒడ్డు మీద పడ్డారు.

మాది దివిసీమలో ఏటి ఒడ్డున ఊరు. మరీ పల్లెటూరనుకునేరు, కాలేజీలూ ఏసీ బట్టల షాపులూ అన్నీ ఉన్నాయి. కరకట్ట దిగితే నీళ్ళ వైపు ఎప్పుడో కట్టిన పార్కు ఒకటుంది. గోడ కూలిపోయి, ఊయల గొలుసులు తెగిపోయి, చూడటానికి అసహ్యంగా ఉండేది, నిజమే. సాయంత్రమైతే మాత్రం ఒక మూల పేకాట బ్యాచీ, ఒక మూల ట్యూషన్ ఎగ్గొట్టిన పిల్లలు, గేటు దగ్గర మరమరాల బండి, గేదెల్ని కడిగి తోలుకెళ్తూ కబుర్లకి ఆగే రైతులు, బస్సు కోసం చూసే చేపల ఆడవాళ్ళు. సగం ఊరు అక్కడే ఉండేది. సరిగ్గా అలాంటి సాయంత్రం అక్కడ నిలబడి మా ఆయన, "ఈ పార్కుని బాగుచేసి, నలుగురూ కలిసే చోటుగా మార్చాలి అనసూయా" అన్నారు. అంటూనే, దారికి అడ్డంగా కూర్చున్న పేకాటవాళ్ళని చుట్టుతిరిగి వచ్చారు.

ఆ పార్కుతో నాకు వేరే పని ఉంది. గంగాదేవి. సముద్రం ఒడ్డు పల్లె నుంచి పొద్దున్నే చేపల తట్టతో దిగి, మా వీధులన్నీ తిరిగి అమ్ముకుని, నాగాయలంక బస్సు వచ్చేదాకా ఆ పార్కు మెట్ల మీద కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి ఆ గంటసేపూ నేను వెళ్ళి పక్కన కూర్చుంటున్నాను. ఆవిడ మా గుమ్మం దాటి లోపలికి రాదు, ఎన్నిసార్లు పిలిచినా రాదు. నేను వాళ్ళింటికి వెళ్తానంటే మా వాళ్ళు ఊరుకోరు. ఆ మెట్లు ఎవరి గుమ్మమూ కాదు. అక్కడ మా అత్తగారి గురించి నేను ఏమన్నా అనొచ్చు, వాళ్ళ తోటికోడలి గురించి ఆవిడ అంతకంటే ఎక్కువే అనొచ్చు. రోజు మొత్తానికి నేను నోరారా మాట్లాడేది ఆ గంటే. అది లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది, ఉన్నమాట చెప్తున్నాను.

ఇక కమిటీ వెలిసింది. కృష్ణాతీర ఉద్యానవన పునరుద్ధరణ కమిటీ. పేరు పూర్తిగా చెప్పేసరికి ఆయాసం వచ్చి మనమే ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. అధ్యక్షులు మా ఆయన. ఉపాధ్యక్షుడు రైస్ మిల్లు శోభనాద్రి, మా ఆయన్ని బావా అంటాడు, నన్ను అక్కయ్యా అంటాడు, చుట్టరికం ఏమీ లేదు. బల్లల ఆలోచన ఆ మహానుభావుడిదే.

"బావా, ఊరికే చందాలడిగితే ఎవరిస్తారు? బల్ల ఇచ్చినోళ్ళకి దాని మీద వాళ్ళ పెద్దాళ్ళ పేరు చెక్కిద్దాం. ఫొటో కూడా."

అబ్బో, ఇక చూడండి జనం! అమ్మల పేరనీ, నాన్నల పేరనీ, పెళ్ళికి రాలేదని బతికినన్నాళ్ళూ తిట్టిన పెదనాన్న పేరనీ ఎగబడ్డారు. గుడివాడలో చెక్కించిన నల్లరాతి బల్లలు లారీల్లో దిగాయి. వీపు ఆనించే చోట పోయినవాళ్ళ మొహం, చుట్టూ దండ, కింద 'స్వర్గీయ' అని మొదలయ్యే పేరు. మెట్లు కొట్టేసి అక్కడ కూడా బల్లలే వేశారు. శోభనాద్రి వాళ్ళ నాన్నగారి పక్కన ఆయన దాయాది బల్ల వచ్చింది. గట్టు తగాదాలో కోర్టుకెక్కి, ఆ కేసు తేలకుండానే ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయిన మనుషులు. "మా నాన్నకి ఇక్కడన్నా మనశ్శాంతి ఉండొద్దా బావా?" అని శోభనాద్రి కన్నీళ్ళు పెట్టుకుంటే, మధ్యలో చెత్తకుండీ పెట్టి ఇద్దర్నీ విడదీశారు.

రిబ్బను కత్తిరించారు, శాలువాలు కప్పుకున్నారు, మైకు అరిచింది. మర్నాడు సాయంత్రం చూద్దును కదా, కూర్చునేవాడు ఒక్కడు లేడు. ఎలా కూర్చుంటారండీ? పరాయివాళ్ళ నాన్న మొహానికి వీపు ఆనించడానికి ఎవరికి మనసొప్పుతుంది? సొంత నాన్నకైతే అసలే ఒప్పదు. పైగా ఇంటివాళ్ళు వచ్చి రాతికి పసుపు రాసి కుంకుమ పెట్టడం మొదలెట్టారు. తిథి వచ్చినవాళ్ళు గారెలు పెట్టారు. కాకులు మాత్రం వేళకి తప్పకుండా వచ్చేవి. కడుపుతో ఉన్న కోడళ్ళని ఆ ఛాయలకి వెళ్ళనివ్వద్దని అత్తలు తీర్మానించారు. ట్యూషన్ పిల్లలు భయపడి బుద్ధిగా ట్యూషన్‌కి పోయారు. పేకాట బస్టాండు వెనక్కి మారింది. నలుగురూ కలిసే చోటు అన్నారు, కలిశారు. కలిసినవాళ్ళంతా పోయినవాళ్ళే.

పాపం గంగాదేవికి ఇవేవీ తెలియవు. మెట్లు లేవు కాబట్టి, ఎదురుగా ఉన్న బల్ల మీదే తట్ట దించుకుని కూర్చుంది. అది శోభనాద్రి నాన్నగారు. ఆయన సుపుత్రుడు ఒంటికాలి మీద లేచాడు.

"మా నాన్నగారి మీద చేపల తట్టా? లే ముందు!"

ఆ నాన్నగారు బతికుండగా గంగాదేవి తట్టలో పండుగప్ప ఉందని తెలిస్తే వీధి చివరిదాకా పరిగెత్తేవాడు. ఆ తట్ట తెచ్చి నెత్తిన పెట్టినా మురిసిపోయేవాడే. కానీ కమిటీ కూర్చుని రూలు రాసింది. బల్ల ఇచ్చిన కుటుంబాలవాళ్ళే బల్లల మీద కూర్చోవాలి, మిగతా ప్రజలు హాయిగా నడుచుకోవచ్చు, చేపల తట్టలు లోపలికి రాకూడదు. ఆ మర్నాటి నుంచి గంగాదేవి పార్కుకి రావడం మానేసింది.

వెతుక్కుంటూ మెయిన్ రోడ్డు స్టాపుకి వెళ్ళాను. ఎండలో, లారీల పొగలో నిలబడి ఉంది.

"రా గంగా, మనం వెళ్ళి కూర్చుందాం. ఎవడేమంటాడో చూస్తాను."

"ఎందుకులెండి అమ్మగారూ. ఇన్నేళ్ళు కూర్చున్నాను. మీ అయ్యగారు కమిటీ ఏసేదాకా, నేను ఒకరి చోట్లో కూర్చున్నానని నాకే తెలవదు."

కోపంగా అని ఉంటే బాగుండేది. నవ్వుతూ అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పొగ వల్ల అని చెప్పాను.

ఇంటికొచ్చి మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఆయన చాలా ఓపికగా రూలు వివరించారు. కూర్చోవాలంటే బల్ల ఉండాలి. బల్ల ఉండాలంటే ఇంట్లో పోయినవాళ్ళుండాలి. అప్పుడు వెలిగింది నా బుర్రలో ఆ దిక్కుమాలిన దీపం. గంగాదేవి భర్త నాంచారయ్య! బందరు నుంచి బోటు మీద చేపల వేటకెళ్ళాడు, తుపానులో చిక్కుకున్నాడు, బోటు దొరికింది, మనిషి దొరకలేదు. జరిగి చాలా ఏళ్ళైంది. అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఆవిడా ఎత్తలేదు, నేనూ అడగలేదు. బొట్టు తియ్యకుండా ఉంచుకుంటే, ఈ రోజుల్లో ఎవరు తీస్తున్నారులే అని మెచ్చుకున్నాను కూడా. అంత తెలివి నాది.

"ఆవిడకీ ఉన్నాడుగా పోయినాయన. ఆయన పేరు మీద బల్ల నేనే వేయిస్తాను, కాదంటే నేను మీకు వండను" అన్నాను.

కమిటీ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పార్కులో మత్స్యకారులకి కూడా చోటిచ్చామని పేపర్లో వేయించుకోవచ్చు. రూలూ చెడదు. స్టాపులో కబుర్లాడుతూ, ఫోన్ చూసిస్తానని గంగాదేవి ఫోన్ తీసుకుని, అందులో ఉన్న నాంచారయ్య ఫొటో గుట్టుగా నా ఫోన్‌కి పంపుకున్నాను. మీసం మెలేసి నవ్వుతున్నాడు. గుడివాడవాడు అచ్చం అలాగే చెక్కాడు, చుట్టూ దండ వేసి.

బల్ల నాటిన సాయంత్రం గంగాదేవిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. వాచ్‌మన్ తట్టతో సహా లోపలికి వదిలాడు. నాకు ఎంత గర్వంగా ఉందంటే, మా ఆయన ఉపన్యాసం ఇచ్చేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో ఆ క్షణాన నా మొహం అలాగే ఉండి ఉంటుంది.

"చూడు గంగా! ఇక ఇది నీదే. ఎవరూ లెమ్మనరు."

ఆవిడ తట్ట దించలేదు. ఫొటో వంక చూసింది. దండ వంక చూసింది. కింద రాసినదాని మీద వేలు పెట్టింది.

"ఇదేంటండీ, పేరుకి ముందర?"

స్వర్గీయ అని చదివి వినిపించాను. మాట పూర్తయ్యాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

గంగాదేవి తట్ట దించి, భుజం మీది తువ్వాలు తీసి ఆ రాత మీద కప్పింది. బల్ల పక్కన నేల మీద కూలబడింది. నేనూ కూర్చున్నాను. ఎదురుగా ఏరు సముద్రం వైపు పోతోంది.

ఆవిడే అంది. "వత్తాడని కాదు అమ్మగారూ. అంత పిచ్చిదాన్ని కాదు. రాడన్న మాట మాత్రం నా నోటెంట రాకూడదు, అంతే. మా అత్త నోట కూడా రానివ్వలేదు."

"నాది బుద్ధి తక్కువ పని గంగా" అన్నాను. ఆవిడ కాదనలేదు.

సరిగ్గా అప్పుడే మా ఆయన, శోభనాద్రి, వెనకాల కెమెరాతో విలేకరి దిగారు.

"ఏంటి అనసూయా, అంత మంచి బల్ల పెట్టుకుని ఇద్దరూ మట్టిలో కూర్చున్నారు? లేచి పైన కూర్చోండి, ఫొటో తీస్తాడు."

"ముందు ఆ రాయి ఊడదీయించండి."

"ఇంకా సిమెంటు కూడా ఆరలేదే! ఇంటివాళ్ళు కూర్చోవచ్చని రూల్లో స్పష్టంగా ఉంది."

"వాళ్ళాయన వేటకెళ్ళాడండీ" అన్నాను. "వచ్చాక అందరం కలిసి కూర్చుంటాం."

మా ఆయన నా మొహం చూసి, విలేకరిని కెమెరా దించమన్నారు. గంగాదేవి నా వైపు తిరగలేదు. చేపల తట్ట అవతలికి జరిపి, నాకు ఇంకాస్త చోటిచ్చింది.